నూకరాజు పెళ్ళీ, నీలం డబ్బాలో వానపాములూ

మండపేట రైసుమిల్లు వెనక వీధిలో ఎవర్నైనా ఆపి "ఈ వీధిలో బాగా తెలివైన వాళ్ళెవరండీ?" అని అడగండి. నవ్వు ఆపుకుంటూ గవర్రాజు ఇల్లు చూపిస్తారు. ఆ నవ్వెందుకో గవర్రాజుకి ఇప్పటికీ తెలీదు. మెచ్చుకుంటున్నారనుకుంటాడు, పాపం.

ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. గవర్రాజు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. అతని భార్య వరహాలమ్మ ఇల్లు నడుపుతుంది. తమ్ముడు నూకరాజు టెంటు హౌసులో కుర్చీలు వేస్తాడు. ముగ్గురికీ కలిపి ఒకటే గర్వం: చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో తమను మించినవాళ్ళు జిల్లాలో లేరని.

"లోకం ఎందుకిలా తగలడిందో తెలుసా? మాట సగం విని మిగతాది సొంత బుర్రతో పూరించుకోబట్టి. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. సొంత బుర్ర జోలికి మేం పోం" అనేది వరహాలమ్మ, కొళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు కనిపిస్తే చాలు. నలుగురూ ఒప్పుకునేవారు. ఎలా ఒప్పుకోరు మరి?

ఒకసారి బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నాడు. గవర్రాజు జరిగాడు. జరిగి జరిగి ముందు తలుపులోంచి కిందికి దిగి, ద్వారపూడి దాకా బస్సుకి ముందే నడిచాడు. వెనకాల డ్రైవరు హారను కొడుతుంటే "జరుగుతున్నానయ్యా, అదే పనిమీదున్నాను" అని చేత్తో సైగ చేస్తూనే ఉన్నాడట. అదీ ఆ ఇంటి క్రమశిక్షణ.

ఇంతటి క్రమశిక్షణ ఉన్న ఇంట్లో ఒకే ఒక్క లోటు. నూకరాజుకి ముప్ఫయ్యారేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ కుర్చీలు వేసింది వాడే, అందరూ లేచి వెళ్ళాక మడతపెట్టిందీ వాడే. వరహాలమ్మ ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. తల్లి లేని పిల్లాడు. ఆవిడకి పిల్లలు పుట్టలేదు. వాణ్ణే పెంచుకుంది. "వీడి పక్కన ఓ ఆడపిల్ల కూర్చోవడం చూసే దాకా నాకు ముద్ద దిగదండీ" అని మొగుడి దగ్గర ఏడ్చేది. ఏడుపు మాత్రం నిజం. అందులో వెటకారం ఏమీ లేదు.

సంబంధాలు రాకపోలేదు. పదిహేడు వచ్చాయి, పదిహేడూ వెళ్ళాయి. ఉదాహరణకి పదిహేడోది. ఆలమూరులో పిల్ల తండ్రి మర్యాదకి "మీ ఇల్లే అనుకోండి బాబూ" అన్నాడు. అంతే, నూకరాజు అనుకున్నాడు. తన ఇల్లేగా అని బీరువా తెరిచి పాతబట్టలన్నీ మూటకట్టి, వీధిలో పోతున్న స్టీలుసామాన్ల వాడికిచ్చి రెండు గిన్నెలు తీసుకున్నాడు. ఆ మూటలో పిల్ల తండ్రి పెళ్ళినాటి పట్టుపంచె కూడా ఉంది. ఆయన ఆ రెండు గిన్నెలతోనే వీళ్ళని వీధి చివరిదాకా సాగనంపాడు.

పద్దెనిమిదో సంబంధం కడియం నుంచి వచ్చింది. పిల్ల పేరు రత్నమణి. ముప్ఫయ్యేళ్ళది, ఓ నర్సరీలో మొక్కలు పెంచే పని. పెళ్ళిచూపులకి వీళ్ళు వెళ్ళలేదు, మేనమామని వెంటబెట్టుకుని ఆవిడే ఆటోలో వచ్చింది. ఆటోలోంచి ఓ నీలంరంగు ప్లాస్టిక్ డబ్బా కూడా దిగింది. నడుమెత్తు ఉంది. చుట్టూ చిన్న చిన్న చిల్లులు, పైన మూత, మూత కింద తడి గోనెపట్టా.

"ఇందులో వానపాములున్నాయక్కా" అంది రత్నమణి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "మా నాన్న పన్నెండేళ్ళ కిందట మొదలుపెట్టిన డబ్బా. ఆయన పోయాక నేనే చూస్తున్నా. వంటింటి చెత్త వేస్తే తింటాయి. ఇది ఉండలేని ఇంటికి నేను రాను. నలభై రోజులు మీ దగ్గర ఉంచి వెళ్తాను. బతికించి చూపించండి, పెళ్ళికి సరే అంటాను. చచ్చాయా, నన్ను మర్చిపొండి."

వరహాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. బంగారం అడగలేదు, ఇల్లు అడగలేదు, చెప్పినట్టు చెయ్యమంది. చెప్పినట్టు చెయ్యడమా? అది వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య కదా!

"చెప్పు తల్లీ, ఏమేం చెయ్యాలో చెప్పు. ఒరే నూకా, నోట్లో నోట్లో అనుకుంటూ బట్టీ పట్టు" అంది.

రత్నమణి చెప్పింది. వాటికి వెలుతురు పడదు, చీకట్లో ఉంచండి. మీరు తినగా మిగిలిన తొక్కలూ తొడిమలూ వెయ్యండి. ఉప్పూ కారం, నూనె, పులుపు తగలనివ్వద్దు. లోపల తడి ఉండాలి, గుప్పెడు తీసి పిండితే ఒకటో రెండో చుక్కలు పడాలి, అంతే. "ఇంకేం లేదక్కా, నేను వీటిని కన్నబిడ్డల్లా చూసుకున్నాను. మీరూ అలాగే చూసుకోండి."

ఇంత చెప్పి ఆవిడ ఒక్క సంగతి వదిలేసింది. ఆ డబ్బా అడుగున తయారయ్యే నల్లటి ఎరువు కోసమే ఈ తతంగమంతా అని చెప్పలేదు. అది కూడా చెప్పాల్సి వస్తుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో పని మొదలైంది. డబ్బాని నడిమి గదిలో, పీట మీద పెట్టారు. ఇక చీకటి చెయ్యాలి. మూత వేస్తే లోపల చీకటేగా అని మీరనుకుంటారు. అనుకోండి, సొంత బుర్ర ఉన్నవాళ్ళు అలాగే పాడైపోతారు.

"చీకట్లో 'ఉంచమంది' వదినా, చీకటి 'లోపల పెట్టమని' కాదు. అంటే డబ్బా చుట్టూ చీకటుండాలి" అన్నాడు నూకరాజు.

"చుట్టూ అంటే ఎంత దూరం?" అన్నాడు గవర్రాజు.

"కొలత చెప్పలేదండీ. చెప్పనప్పుడు ఇల్లంతా చెయ్యడమే క్షేమం" అంది వరహాలమ్మ.

ఇంకేముంది, కిటికీలన్నిటికీ గోనెసంచులు మేకులేసి కొట్టారు. బల్బులన్నీ విప్పి అటక మీద పడేశారు. పట్టపగలు పదకొండు గంటలకి ఆ ఇంట్లో ఎవరి చెయ్యి వాళ్ళకి కనపడదు. మొదటి రోజు గవర్రాజు తువ్వాలనుకుని వరహాలమ్మ జాకెట్టు భుజాన వేసుకుని మిల్లుకెళ్ళి, దాంతోనే మధ్యాహ్నం దాకా మొహం తుడుచుకున్నాడు. మిల్లులో ఎవరూ చెప్పలేదు. అంత మంచి వినోదాన్ని ఎవరు పాడుచేసుకుంటారు?

రెండో రోజు తిండి దగ్గర చిక్కొచ్చింది. తినగా మిగిలింది వెయ్యమంది కదా, ఆ ఇంట్లో మిగలడం అనేదే లేదు. వరహాలమ్మ చేతిలో బీరకాయ పడితే కాయ కూర, పొట్టు పచ్చడి. అరటికాయ తొక్క వేపుడు. కొత్తిమీర కాడలు చారులోకి. పుచ్చకాయ తిన్నా ఆ తెల్లచెక్క పప్పులోకి వెళ్ళాల్సిందే. చెత్తబండి లాక్కొచ్చే పోలమ్మ వీళ్ళ గుమ్మం ముందు ఈల వెయ్యడం మానేసి ఆరేళ్ళయింది.

"అయ్యో, పిల్లలు పస్తున్నాయి" అని వరహాలమ్మ గుండెలు బాదుకుంది. "ఏవండీ, ఏదో ఒకటి మిగల్చండి!"

"నా వల్ల కాదే. చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు" అన్నాడు గవర్రాజు, విస్తరి నున్నగా తుడిచేసి.

సరే, అరటిపళ్ళు తెచ్చారు. పండు మనిషికి, తొక్క డబ్బాకి. డబ్బా నిండా తొక్కలు కావాలంటే నాలుగు గెలలు కావాలి. 'మీరు తినగా' అంది కాబట్టి పళ్ళు ఎవరికీ పంచడానికి లేదు, వీళ్ళు ముగ్గురే తినాలి. తిన్నారు. మర్నాడు ముగ్గురూ దొడ్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ, ఆ చీకట్లో ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ గడిపారు.

అక్కణ్ణుంచి బీరకాయల మీద పడ్డారు. రోజుకి మూడు కిలోలు. పొట్టు డబ్బాలోకి, కాయ కూరలోకి. కానీ కూరలో ఉప్పూ కారం పడితే? చేతికంటిన కారం డబ్బాకి అంటితే? వరహాలమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఉప్పుజాడీ, కారం డబ్బా, చింతపండు బుట్ట, నూనె సీసా, ఆవకాయ జాడీతో సహా పక్కింటి అటక మీదికి చేరాయి.

"మరిది పెళ్ళి కోసం నలభై రోజులు చప్పిడి తినలేరా?" అంది.

"తింటానే. కానీ ఏడుస్తూ తింటాను" అన్నాడు గవర్రాజు. కన్నీళ్ళు కూరలో పడి కాస్త ఉప్పగా తగిలేసరికి ఏడుపు ఇంకాస్త పెంచాడు. వరహాలమ్మ కనిపెట్టి, అన్నం తినేటప్పుడు ఏడవకూడదని కట్టడి చేసింది.

తర్వాత తడి పరీక్ష. గుప్పెడు పిండితే ఒకటో రెండో చుక్కలు. మొదటి గుప్పెడు నూకరాజు పిండాడు. ఒక చుక్క. రెండో చుక్క. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మూడోది పడింది.

"అన్నయ్యా! మూడు!"

"పట్టరా, కింద పడనీకు!"

గవర్రాజు గరిటె పట్టాడు. మూడో చుక్క గరిటెలో పడింది. ఇప్పుడు దాన్ని ఏం చెయ్యాలి? డబ్బాలో వేస్తే మళ్ళీ మూడే అవుతాయి. పారేద్దామంటే పారెయ్యమని చెప్పలేదు. పెద్ద చర్చ జరిగింది. ఆఖరికి ఎక్కువున్న గుప్పెట్లోది తక్కువున్న గుప్పెట్లో కలపాలని తీర్మానించారు. అంటే ఏ గుప్పెట్లో ఎంతుందో తెలియాలి కదా? అంతే, రోజూ పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా డబ్బా మొత్తం గుప్పెడు గుప్పెడుగా బయటికి తీసి పిండడం, చుక్కలు చూడడం, మళ్ళీ లోపల వెయ్యడం. టెంటు హౌసు యజమాని నూకరాజుకి కబురు మీద కబురు పంపాడు. అక్కడ ఓ పెళ్ళిలో ఊరి పెద్దలు రెండు గంటలు నిలబడే ఉన్నారట, కుర్చీలు వేసే దిక్కులేక.

ఓ రోజు గుప్పెట్లో ఓ లావుపాటి వానపాము వచ్చింది.

"దీన్ని కూడా పిండాలా వదినా?"

వరహాలమ్మ ఆలోచించింది. డబ్బాలోంచి గుప్పెడు తీసి పిండమంది. ఇది డబ్బాలోదే, గుప్పెట్లోనే ఉంది. చెప్పిన మాట ప్రకారం పిండాల్సిందే. కానీ అది నూకరాజు అరచేతిలో ముడుచుకుని వెచ్చగా పడుకుంది. వాడు చిన్నప్పుడు తన ఒళ్ళో అలాగే ముడుచుకుని పడుకునేవాడు.

"వద్దురా. కన్నబిడ్డల్లా చూడమంది కదా. ఏ తల్లైనా బిడ్డని పిండుతుందా?" అంది. ఆ ఇంటి చరిత్రలో ఆవిడ సొంత బుర్ర వాడింది ఆ ఒక్క రోజే. వాడానని ఆవిడకి తెలీదు, తెలిస్తే సిగ్గుపడేది.

కన్నబిడ్డలన్న మాట గుర్తొచ్చేసరికి ఇంకో తప్పు కూడా గుర్తొచ్చింది.

"ఏవండీ! వారం రోజులైంది, పిల్లలకి నీళ్ళు పొయ్యలేదు!"

ఇంకేముంది, పురిటిపిల్లలకి చేసే సేవలన్నీ మొదలయ్యాయి. డబ్బా ఖాళీ చేసి జల్లెడలో పోసి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, ఒక్కో వానపామునీ పాతచీర ముక్క మీద ఆరబెట్టారు. తడిస్తే జలుబు చేస్తుందని సాంబ్రాణి పొగ వేశారు. పొగకి ఉక్కిరిబిక్కిరై అవి నాలుగువైపులా పరుగు లంకించుకుంటే, "చూశారా, స్నానం చేయిస్తే ఎంత హుషారొచ్చిందో" అని వరహాలమ్మ మురిసిపోయింది. గోడల మీదికి ఎక్కినవాటిని ఏరుకురావడం నూకరాజు వంతు. చీకట్లో మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కోదాన్నీ బతిమాలి తెచ్చేవాడు. సాయంత్రం దిష్టి తీసేవారు. లాలిపాట గవర్రాజు పాడేవాడు. అది విన్నాక పక్కింటివాళ్ళు ఆవకాయ జాడీ తీసుకెళ్ళిపొమ్మని గొడవ చేశారు.

మొదటి స్నానం రోజు డబ్బా ఖాళీ చేసి చూసేసరికి అడుగంతా నల్లగా, మెత్తగా ఏదో పేరుకుని ఉంది. వరహాలమ్మ చీకట్లోనే వేళ్ళతో తడిమి చూసి ముక్కు మూసుకుంది. వాసనేం రాలేదు, అయినా మూసుకుంది.

"పిల్లలు దొడ్డికెళ్ళాయి! పాపం వారంనుంచీ అందులోనే పడి ఉన్నాయి. నూకా, ఎత్తిపారెయ్. శుభ్రంగా బొంత ముక్కలు పరుచు."

అలా రోజూ డబ్బా కడగడం, ఆ నల్లటిదంతా బుట్టకెత్తి పోలమ్మ బండిలో వెయ్యడం. ఆరేళ్ళ తర్వాత ఆ గుమ్మం ముందు చెత్తబండి ఆగింది. పోలమ్మ బుట్టలోకి తొంగిచూసి, చిటికెడు తీసి వాసన చూసింది.

"ఇదేటమ్మా?"

"మా పిల్లల దొడ్డి. దూరంగా పారబొయ్యి."

పోలమ్మ వరహాలమ్మ మొహం వైపు కాసేపు చూసింది. మర్నాటి నుంచి ఆ బుట్ట కోసం విడిగా ఓ సంచి తెచ్చుకుంది. ఇంకో రెండు వారాలకి పోలమ్మ ఇంటి పెరట్లో బీరపాదు పెంకుల మీదికెక్కింది. నెల తిరిగేసరికి మూరెడేసి బీరకాయలు దిగాయి. ఆవిడ వాటిని బుట్టలో పెట్టుకుని నేరుగా ఎక్కడికి తెస్తుంది? ఊరు మొత్తంలో రోజుకి మూడు కిలోలు కొనే ఇల్లు ఒక్కటే ఉంది.

"ఎంత లేతగా ఉన్నాయో! పోలమ్మా, నీ చేతిలో ఏదో మహిమ ఉంది" అని వరహాలమ్మ మెచ్చుకునేది.

"అంతా మీ పిల్లల చలవమ్మా" అనేది పోలమ్మ. ఆవిడ అబద్ధం ఆడలేదు.

నలభయ్యో రోజు రత్నమణి వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టి "కరెంటు పోయిందా అక్కా?" అంది.

"లేదు తల్లీ, మేమే పోగొట్టాం" అంది వరహాలమ్మ గొప్పగా.

డబ్బాని పెరట్లో గోడనీడకి తెచ్చారు. రత్నమణి మూత తీసింది. వరహాలమ్మ మెడ చాచి చూసింది. ఈ ఒక్క క్షణం కోసం నలభై రోజులు ఉప్పు లేని కూడు తింది. లోపల వానపాములు ఎర్రగా, బొద్దుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఇచ్చినప్పటికంటే ఎక్కువే ఉన్నాయి. రత్నమణి మొహం విప్పారింది. తర్వాత బొంత ముక్కల కిందికి చెయ్యి పెట్టి వెతికింది.

"ఎరువేది?"

"ఏ ఎరువు?"

"నల్లగా, టీపొడిలా ఉంటుంది కదక్కా, అడుగున."

"ఓ, అదా! ఏ రోజుది ఆ రోజే పారేశాం. నీ పిల్లలు ఒక్క పూట కూడా మురికిలో లేవు తల్లీ. కావాలంటే పోలమ్మనడుగు."

సరిగ్గా అప్పుడే పోలమ్మ బీరకాయల బుట్టతో వచ్చింది. రత్నమణి ఆ బీరకాయల పొడుగు చూసింది. పోలమ్మని నాలుగు ప్రశ్నలడిగింది. తర్వాత గడప మీద కూలబడి తల పట్టుకుంది.

"అంటే ఎరువుని చెత్తబండిలో వేశారు. ఆ ఎరువుతో కాసిన కాయల్ని కొన్నారు. చెత్త కోసం!"

"చెప్పినట్టు చేశాం కదమ్మా?" అన్నాడు గవర్రాజు, ఏదైనా ఒక చుక్క తేడా వచ్చిందేమోనని బెంగగా.

వరహాలమ్మకి సంగతి పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఆ తల పట్టుకోవడం మాత్రం అర్థమైంది. అలా తల పట్టుకున్నవాళ్ళని పదిహేడుమందిని చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాదే తప్పు తల్లీ, ఏదో సరిగా వినుండను. వాడికేం తెలీదు. వాణ్ణి వద్దనకు."

రత్నమణి నూకరాజు వైపు తిరిగింది. "మీరేం చేశారు?"

"నేనాండీ? గోడలెక్కినవాటిని తెచ్చేవాణ్ణి. చెయ్యి వేడిగా ఉంటే వాటికి బాగోదని ముందు కుండలో ముంచుకునేవాణ్ణి."

"అది నేను చెప్పలేదే?"

నూకరాజు భయపడిపోయాడు. "క్షమించండి. ఇంకెప్పుడూ చెప్పనిది చెయ్యను."

రత్నమణి చాలాసేపు వాడి చేతుల్ని చూసింది. గోళ్ళలో మట్టి, నానిపోయిన వేళ్ళు. నవ్వేసింది. "పన్నెండేళ్ళలో ఇవి ఇంత నిగనిగలాడడం నేను చూళ్ళేదు. సరే, ముహూర్తం పెట్టించండి. అప్పటిదాకా డబ్బా మీ పూచీ నూకరాజు గారూ. నేను వచ్చి తీసుకునేదాకా దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళకండి. చీకటి సంగతి జాగ్రత్త."

విన్నారా? వదిలి ఎక్కడికీ వెళ్ళకండి అంది. ఎవరితో అందో కూడా విన్నారు. ఆ పిల్లని చూస్తే జాలేస్తుంది నాకు.

పెళ్ళి రోజు వచ్చింది. మండపేటలోనే కల్యాణమండపం, పొద్దున్న పదీ నలభైకి ముహూర్తం. పందిట్లో కుర్చీలు నిండిపోయాయి, డోలూ సన్నాయీ దంచేస్తున్నాయి, కడియం నుంచి రెండు బస్సుల జనం దిగారు. పట్టుచీర, బాసికం, పూలజడతో రత్నమణి పీటల మీద కూర్చుంది. మగపెళ్ళివారు వచ్చారు. గవర్రాజు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు, వరహాలమ్మ జరీచీరలో వచ్చింది. అంతే. ఆ వెనక ఎవరూ రాలేదు.

"పెళ్ళికొడుకేడీ?" అన్నాడు పంతులు.

"ఇంటి దగ్గరున్నాడండీ. డబ్బా దగ్గర. అమ్మాయి మాట జవదాటే రకం కాదు మా వాడు" అంది వరహాలమ్మ, అందరికీ వినపడేలా.

రత్నమణి కళ్ళు మూసుకుని మూడు లెక్కపెట్టింది. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. "పంతులు గారూ, లేవండి" అని తాళిబొట్టు పళ్ళెం తనే ఎత్తుకుంది. బాసికంతో, పూలదండతో ఆటో ఎక్కింది. వెనకాల పంతులు, మేనమామ, డోలు, సన్నాయి, రెండు బస్సుల జనం. వీధి వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది.

నడిమి గదిలో నూకరాజు మధుపర్కాలు కట్టుకుని డబ్బా పక్కన పీట మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పాలి. పెళ్ళిరోజు కదా, ఇంటి పిల్లలకి పాతగుడ్డ ఏం బాగుంటుందని వరహాలమ్మ తెల్లవారుజామునే ఆ డబ్బాకి ఎర్ర పట్టుగుడ్డ చుట్టి, పైన మల్లెదండ వేసి, బొట్టు పెట్టింది.

"లైటు వెయ్యండి!" అంది రత్నమణి గుమ్మంలో.

"అమ్మో! చీకటి సంగతి జాగ్రత్తన్నావు కదా తల్లీ. బల్బులు అటక మీదున్నాయి" అంది వెనకే వచ్చిన వరహాలమ్మ.

"కిటికీ తియ్యండి!"

"మేకులు కొట్టాం."

"ముహూర్తం దాటిపోతోంది, ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండర్రా!" అని పంతులు గడపలోంచే మంత్రాలు అందుకున్నాడు. లోపలికి రావాలంటే ఆయనకి భయం వేసింది, అప్పటికే రెండుసార్లు గోడని గుద్దుకున్నాడు. అలవాటైన చీకట్లో గవర్రాజు పళ్ళెం తీసుకెళ్ళి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. రత్నమణి చేతులు చాపుకుంటూ వెళ్ళి, ఓ పీట కాలికి తగిలితే దాని మీద కూర్చుంది.

"జీలకర్ర బెల్లం!" అన్నాడు పంతులు. నూకరాజు చెయ్యి చాపాడు, పట్టుగుడ్డ తగిలింది, పైన పెట్టాడు. "మాంగల్యం!" అన్నాడు. నూకరాజు తడిమాడు. పట్టుగుడ్డ, మల్లెదండ. కొంచెం చల్లగా, తడిగా ఉంది. పాపం భయంతో చెమట పట్టిందనుకున్నాడు. గట్టిమేళం మోగింది. మూడు ముళ్ళూ వేశాడు. చెప్పినట్టే, ఒకటి తక్కువా కాదు, ఒకటి ఎక్కువా కాదు. వరహాలమ్మ ఆనందం పట్టలేక ఆ చీకట్లో ఎటు వేస్తోందో తెలీకుండా అక్షింతలు వేసి బావురుమంది. "ఒరే నూకా, ఈ రోజు కోసం ఇరవయ్యేడేళ్ళు ఎదురుచూశానురా!"

"అయిపోయిందా? నాకింకా కట్టలేదే?" అంది రత్నమణి, గదికి ఆ చివర నుంచి.

మేనమామ ఒక్క ఉదుటున కిటికీకున్న గోనెసంచి పీకేశాడు. వెలుతురు పడింది. నెత్తిన జీలకర్ర బెల్లం, నడుముకి పట్టుగుడ్డ, మెడ చుట్టూ తాళిబొట్టుతో నీలం డబ్బా నిండుగా కూర్చుని ఉంది.

రత్నమణికి కోపం రాలేదు. నవ్వొచ్చింది. కళ్ళ కాటుక కరిగి కారేదాకా నవ్వింది. "సరే, ఏం చేస్తాం. విప్పి నా మెడలో కట్టండి నూకరాజు గారూ" అని తల వంచింది. నూకరాజు చెయ్యి ముడి మీదికి వెళ్ళింది.

"ఆగు!" అంది వరహాలమ్మ.

నూకరాజు చెయ్యి ముడి మీదే ఆగింది.

"మంత్రాలు చదివి కట్టిన తాళి విప్పుతావురా? నేను నిన్నిలాగే పెంచానా?"

"అవునే! పైగా ఒక భార్య ఇంట్లో ఉండగా ఇంకో పెళ్ళా? మన ఇంటా వంటా అలాంటి పాడుబుద్ధులు లేవు" అన్నాడు గవర్రాజు.

పంతులు ఏదో అనబోయాడు. "మీరు చదివిన మంత్రాలు ఉత్తుత్తివా అయితే?" అని వరహాలమ్మ నిలదీసేసరికి ఆయన పంచె సర్దుకుని వీధిలోకి నడిచాడు. నూకరాజు రత్నమణి వంక చూశాడు. డబ్బా వంక చూశాడు. మళ్ళీ రత్నమణి వంక చూశాడు. విప్పమంది ఈవిడ, ఆగమంది వదిన, ఆఖరున చెప్పింది వదినే కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రత్నమణి నవ్వు ఆగిపోయింది. "అయితే నా డబ్బా నాకిచ్చెయ్యండి. వెళ్ళిపోతాను."

"ఎలా ఇస్తాం తల్లీ?" అంది వరహాలమ్మ, ఆవిడ గడ్డం పట్టుకుని బుజ్జగిస్తూ. "పెళ్ళైన పిల్లని పుట్టింటికి పంపాలంటే ఓ పద్ధతుంటుంది. ఆషాఢం రాగానే మేమే దిగబెడతాం. నూకా, అలా చూస్తావేంరా? కన్నబిడ్డల్లా పెంచి మనకిచ్చిన తల్లి. మీ అత్తగారికి దణ్ణం పెట్టు."

అంతే, నూకరాజు వంగి రత్నమణి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

రెండు బస్సుల జనంతో పాటు రత్నమణీ వెళ్ళిపోయింది, డబ్బా లేకుండానే. డబ్బా పూచీ ముహూర్తం దాకానే కాబట్టి, కుర్చీలు మడతపెట్టడానికి ఆ సాయంత్రం నూకరాజే వెళ్ళాడు.

మర్నాడు కొళాయి దగ్గర వరహాలమ్మ మొహం వెలిగిపోతోంది. "తోడికోడలంటే ఎలాంటిది వస్తుందోనని బెంగపడ్డానమ్మా. మా అదృష్టం. ఎదురు మాట్లాడదు, గడప దాటదు, ఏం పెట్టినా తింటుంది" అంది బిందె నెత్తికెత్తుకుంటూ. "ఉప్పూ కారమే పడదు, అంతే."